ఎనిమిది కిలోల ఇసుక

జనవరి 30

ఆపరేషన్ అక్కర్లేదట. ఆ మాట వినగానే అన్నయ్య ఆస్పత్రి వరండాలోనే వదినకు ఫోన్ చేసి చెప్పేశాడు. నాకు మాత్రం ఏడుపొచ్చింది. ఆపరేషన్ అయితే దానికో తేదీ ఉంటుంది, కుట్లు విప్పడానికి ఇంకో తేదీ ఉంటుంది. ఇదేమో వ్యాయామమట. పన్నెండు వారాలట, ఎక్కువైనా కావచ్చట.

మోకాలిచిప్ప కింద తాడులాంటి బంధం ఒకటుంటుంది. టెండన్ అంటారు. హర్డిల్స్ దూకీ దూకీ నా కుడికాలిది పాడయింది. తెగలేదు, పీచులు పీచులుగా లేచిందట. ఫిజియో గారు తెరమీద బొమ్మ చూపించి చెప్పారు: "పడుకుంటే తగ్గేది కాదమ్మా ఇది. అలాగని పరిగెత్తితే ఇంకా పాడవుతుంది. దానిచేత బరువు మోయించాలి. మెల్లగా మోయించాలి." మా జట్టు అమ్మాయిలు ఆయన్ని చాటుగా మెల్లగా మాస్టారు అంటారు. ఊరికే అనలేదు. పది నిమిషాల్లో ఆ మాట పద్నాలుగుసార్లు అన్నారు, లెక్కపెట్టాను.

జట్టు ఎంపిక పోటీలు ఏప్రిల్ 28న. నాకు ఇరవై ఏడు నిండాయి. నా వెనక ఇద్దరు అమ్మాయిలు తయారవుతున్నారు, ఇద్దరికీ పందొమ్మిదే. ఈసారి జట్టులో లేకపోతే ఇంకోసారి నన్నెవరూ పిలవరు. ఈ మాట ఎవరితోనూ అనలేదు. ఇక్కడ రాశాను, చాలు.

ఫిబ్రవరి 2

పద్ధతి ఇది. ఎత్తు బల్ల మీద కూర్చుని, చీలమండకు ఇసుక సంచి కట్టుకుని, నాలుగు అంకెలు లెక్కపెట్టేలోపు కాలు తిన్నగా చాపాలి, మళ్లీ నాలుగు అంకెల్లో దించాలి. అలా పదిహేనుసార్లు. కాసేపు ఆగి మళ్లీ పదిహేను. మొత్తం నాలుగు విడతలు, రోజు విడిచి రోజు. రెండు కిలోలతో మొదలు. ఎనిమిది కిలోలు సుఖంగా ఎత్తిన రోజున పరుగు సంగతి మాట్లాడదాం అన్నారు.

అయ్యాక నొప్పికి పదికి ఎన్ని మార్కులో చార్టులో రాయాలి. మూడు దాకా ఫర్వాలేదు. నాలుగూ అయిదూ అయితే బరువు పెంచకూడదు. ఆరైతే తగ్గించాలి. ఆయన ఏదో జట్టుతో రెండు నెలలు ఊళ్లు తిరుగుతారు, కాబట్టి ప్రతి ఆదివారం చార్టు ఫొటో తీసి పంపాలి. అది చూసి వచ్చేవారం బరువెంతో చెబుతారు.

సంచులు కొనడమెందుకు, నేను కుట్టనా అంది వదిన. అన్నయ్య పాత జీన్స్ ప్యాంటు కాళ్లు రెండూ కత్తిరించి, పక్కింటి కట్టడం దగ్గర ఇసుక అడిగి తెచ్చి, కొట్లో కాటా మీద తూచి మరీ కుట్టింది. సాయంత్రం అన్నయ్య ఆ ప్యాంటు కోసం బీరువా అంతా తిరగేశాడు. ఇద్దరం నోరు మెదపలేదు.

వదిన ముందుగదిలో బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది. ఇంట్లో నాకు సరిపడా ఎత్తున్నది ఆ కత్తిరింపు బల్ల ఒక్కటే. కాబట్టి పొద్దున ఆరింటికి నేను బల్ల మీద, తను మిషను ముందు. నేను కాలెత్తాలి, తను అంకెలు చెప్పాలి.

"ఒకటీ... రెండూ..."

"కాస్త తొందరగా చెప్పు వదినా."

"మెల్లగా అన్నారుగా మీ మాస్టారు. ఏం, ముహూర్తం దాటిపోతోందా?"

మొదటిరోజు నొప్పి: 2 అని రాశాను.

ఫిబ్రవరి 4

నొప్పి: 2.

అసలు నొప్పికి మార్కులు వేయడమేమిటి. నాలుగు వందల మీటర్లు హర్డిల్స్ పరిగెత్తేవాళ్లకి చివరి మలుపులో ఒళ్లంతా మంటే. మామూలు మనుషుల ఆరు మాకు రెండు. అందుకే రెండు రాశాను. ఇది అబద్ధం కాదు, కొలత మార్చుకోవడం.

ఫిబ్రవరి 8

చార్టు పంపాను. నాలుగుసార్లూ రెండే. "చాలా బాగుంది, మూడు కిలోలకు వెళ్లమ్మా" అని సమాధానం. చూశావా మరి.

ఫిబ్రవరి 12

మూడు కిలోలు. నొప్పి: 2.

మెట్లు పక్కకి తిరిగి దిగుతున్నాను. వదిన కింద నిలబడి చూస్తోంది.

"అదేం దిగడం?"

"ఊరికే. పిట్టగోడ దుమ్ము తుడుస్తున్నా."

"చేత్తో తుడుస్తారు పిల్లా, నడుంతో కాదు."

లోపలికొచ్చాక అంది, నేను బల్ల మీద కాలెత్తేటప్పుడు ఎడమకాలి వేళ్లు కిందున్న స్టూలుని గట్టిగా పట్టుకుంటాయట. "నీ నోరు రెండంటోంది. ఆ వేళ్లు ఇంకేదో అంటున్నాయి."

ఆ పూట నుంచి ఎడమకాలికి సాక్సు తొడుక్కుంటున్నాను.

ఫిబ్రవరి 18

నాలుగు కిలోలు. మూడో విడతలో కళ్లలో నీళ్లు తిరిగాయి. మోకాలిచిప్ప కింద ఎవరో మేకు దింపుతున్నట్టుంది. చార్టులో 2 రాస్తుంటే వదిన మిషను ఆపి వచ్చి నా వెనక నిలబడింది.

"ఏడుకి తక్కువ లేదు నీ ముఖం. నేను మీ మాస్టారుకి ఫోన్ చేసి చెప్పేస్తా."

"చెబితే ఈ ఇంట్లో ఉండను. ఇది నా కాలు. నీకు కుట్టు తెలుసు, పరుగు తెలీదు."

వదిన వెనక్కి తిరిగింది. వెళ్లి కూర్చుని దారం ఎక్కించుకుంది. పెళ్లయి వచ్చిన తొమ్మిదేళ్లలో నన్ను ఒక్క మాట అనలేదు తను. అమ్మ పోయాక నాకు జడ వేసింది, పోటీలకు పంపించింది, ఓడిపోయి వస్తే తలుపు దగ్గర నిలబడి, "ముందు స్నానం చేసి రా, తర్వాత ఏడుద్దాం" అనేది. అలాంటి మనిషిని అంత మాటన్నాను. రేపు పొద్దున తప్పయిందని చెబుతాను.

ఫిబ్రవరి 19

చెప్పలేదు.

ఫిబ్రవరి 22

ఒక వింత. రెండుసార్లుగా నాలుగు కిలోలు తేలికయ్యాయి. ఇవాళ నొప్పి నిజంగానే మూడు. రెండని రాశాను అనుకో, అలవాటు పోవాలిగా. కండ కుదురుకుంటోంది. మనసు గట్టిదైతే శరీరం లొంగకేం చేస్తుంది.

సంచి కాస్త లావైనట్టుంది. అడిగితే, ఇసుక కారుతోందని విప్పి మళ్లీ కుట్టానంది వదిన.

మార్చి 1

అయిదు కిలోలు. నొప్పి: 2. ఇది నిజం రెండే. రాసుకుంటే ఎంత హాయిగా ఉందో.

మార్చి 8

నడిచేటప్పుడు మోకాలి ధ్యాసే లేదు ఇవాళ. మెట్లు ఎదురుగా దిగాను, పిట్టగోడ పట్టుకోకుండా. వదిన చప్పట్లు కొట్టింది. ఆ రోజు మాట తను ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. మర్చిపోయి ఉంటుంది.

మార్చి 15

ఆరు కిలోలు. వరండాలో ఖాళీ పూలతొట్టి నిండా ఇసుక పోసి ఉంది. మొక్కేది వదినా అంటే, వేస్తాలే అంది.

మార్చి 22

ఏడు. నొప్పి: 1. కోచ్ గారికి ఫోన్ చేసి ఏప్రిల్ 28కి నా పేరు ఉంచండి సార్ అని చెప్పేశాను. "ఖాయమా?" అన్నారు. "ఖాయం సార్."

మార్చి 29

ఎనిమిది కిలోలు, పదిహేనుసార్లు, నాలుగు విడతలు. ఎనిమిది కిలోలు. మళ్లీ రాయాలనిపిస్తోంది, ఎనిమిది కిలోలు. ఎనిమిది వారాల్లో నాలుగింతలు. ఆ మనిషి మెల్లగా మెల్లగా అని ఇన్నాళ్లూ భయపెట్టాడు గానీ, పట్టుదల ముందు ఏదీ నిలవదు.

వదిన మాత్రం తలెత్తలేదు.

"సంతోషంగా లేదా నీకు?"

"ఎందుకుండదు. సూది కన్ను కనబడ్డం లేదు, ఆగు."

ఏప్రిల్ 6

రాయడానికి చెయ్యి రావడం లేదు. అయినా రాస్తాను.

ఫిజియో గారు తిరిగొచ్చారు. వదిన వద్దంటున్నా తోడు రమ్మని నేనే లాక్కెళ్లాను, నా గొప్ప చూడాలి కదా. చార్టు చూసి ఆయన ముఖం వెలిగింది. "ఎనిమిదా? ఎక్కమ్మా బల్ల, చూద్దాం" అని తన దగ్గరున్న ఇనుప బరువు కట్టారు. ఎనిమిది కిలోలే.

అయిదుసార్లు ఎత్తాను. ఆరోసారి కాలు సగంలో ఆగిపోయి వణికింది.

"ఇంట్లో ఎత్తుతున్నా సార్. రోజు విడిచి రోజు. వదిన సాక్ష్యం."

వదిన కిటికీలోంచి బయటికి చూస్తోంది.

"నొప్పెంత?" అన్నారు ఆయన. రెండు అనబోయాను. ఆయన చెయ్యి నా మోకాలి మీదే ఉంది. అది ఎలా అదురుతోందో ఆయనకు తెలుస్తూనే ఉంది. "ఆరు" అన్నాను.

ఇంటి సంచులు తెచ్చావా అన్నారు. తెచ్చాను, గొప్పకి. కాటా మీద పెడితే అయిదు కిలోల వంద గ్రాములు. ఆయన కత్తెరతో అంచు కత్తిరించారు. ముందు కాస్త ఇసుక రాలింది. తర్వాత నీలంగుడ్డ ముక్కలు వచ్చాయి, గుప్పెళ్లకొద్దీ. బడి యూనిఫారాల కత్తిరింపు ముక్కలు.

చివరికి వదినే అంది, గోడతో చెబుతున్నట్టు. "తను ఏడుపు మింగుకుంటూ రెండని రాసుకునేది సార్. మీకు చెబితే ఇల్లు వదిలి పోతానంది. చెప్పకపోతే కాలు పోతుందేమోనని భయమేసింది. నాకు తెలిసిన పని కుట్టు ఒక్కటే. తను స్నానానికి వెళ్లినప్పుడు కాస్త కాస్త తీసేదాన్ని. మీరు కిలో పెంచమన్నప్పుడు నేను అరకిలో వేసేదాన్ని."

ఫిజియో గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఒకరు కాగితంలో అబద్ధం రాశారు. ఒకరు సంచిలో అబద్ధం కుట్టారు. మధ్యలో నేను రెండు నెలలు ఎవరికి వైద్యం చేశానమ్మా?"

అయిదు కిలోల కాలికి ఏప్రిల్లో పరుగు లేదు. మే నెలాఖరు దాకా లేదు. మెల్లగా అనలేదు ఈసారి. లేదు అన్నారంతే.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో వదిన పక్కన కూర్చోలేదు.

ఏప్రిల్ 7

ఆవిడ వల్లే.

ఏప్రిల్ 8

నా కాలిని నమ్మని మనిషి నా మనిషెలా అవుతుంది. ఆ ఎనిమిది కిలోల రోజు ఎంత పొంగిపోయాను. గుడ్డముక్కలు ఎత్తి పొంగిపోయాను. నవ్వుకుని ఉంటుంది.

లేదు. నవ్వుకోలేదు. సూది కన్ను కనబడ్డం లేదంది.

ఏప్రిల్ 10

మాటల్లేవు. అన్నయ్య ఇద్దరి మధ్యా పోస్టుమాన్ అయ్యాడు. "మీ వదిన అన్నానికి రమ్మంటోంది." "ఆకల్లేదని చెప్పు." "మూడడుగుల దూరంలో ఉంది, నువ్వే చెప్పొచ్చు కదా. నా పని బస్సు తోలడం, మీ ఇద్దరికీ టపా మోయడం కాదు."

సంచుల్లో ఇప్పుడు నిజం ఇసుకే, ఆరు కిలోలు, నేనే నింపి కుట్టాను. కుట్టు వంకరటింకరగా వచ్చింది. ఎత్తు చాలకపోయినా నా గదిలో మంచం మీద కూర్చుని నేనే లెక్కపెట్టుకుని చేశాను. నా అంకెలు తొందరగా పరిగెడుతున్నాయి. నాలుగు అనేసరికి రెండు కూడా అయి ఉండదు.

చార్టు: 5. ఇది నిజం.

ఏప్రిల్ 12

ఉండబట్టలేక ఫిజియో గారికి ఫోన్ చేశాను. ఒకటే ప్రశ్న. ఆవిడ ఇసుక తీయకపోయి ఉంటే 28న పరిగెత్తేదాన్నా?

"ఫిబ్రవరిలో నువ్వు నిజం రాసుంటే నేనే బరువు తగ్గించేవాణ్ణి. మీ వదిన తీసిన ఇసుక నేనైనా తీయించేవాణ్ణే. తీయకపోయుంటే ఆ టెండన్ ఇంకా పాడయ్యేది. అప్పుడు నిజంగానే ఆపరేషన్ దాకా పోయేదేమో."

"అయితే ఆవిడ తప్పేం లేదంటారా?"

"ఉంది. మార్చికి నీ కాలు కోలుకుంది. అప్పుడు పెంచాల్సిన చోట ఆవిడ భయపడి పెంచలేదు. నీ నొప్పి ఒకటీ రెండూ ఉన్న ఆ నెల దండగ. ఇద్దరిలో ఒక్కళ్లు నాకు నిజం చెప్పుంటే, ఈపాటికి పరుగు మొదలుపెట్టేదానివేమోనమ్మా."

ఫోన్ పెట్టేశాక చార్టు ముందేసుకుని కూర్చున్నాను. ఫిబ్రవరి అంతా రెండు, రెండు, రెండు. నా చేతిరాతే. ఎవరూ నా చెయ్యి పట్టి రాయించలేదు.

కొలత మార్చుకోవడమట. ఈ డైరీ నేనొక్కదాన్నే చదివేది. ఇందులో కూడా అబద్ధం రాసుకున్నాను.

ఏప్రిల్ 14

పొద్దున ఆరింటికి సంచి పట్టుకుని ముందుగదిలోకి వెళ్లాను. వదిన మిషను దగ్గర ఉంది, కుట్టడం లేదు.

"వదినా, అంకెలు చెప్పు."

తను నా వైపు తిరిగింది. "నేను చెబితే నమ్ముతావా?"

"నా అంకెలే నాకు నమ్మకం లేదు."

బల్ల మీద నీలంగుడ్డ పక్కకి జరిపి నాకు చోటిచ్చింది. పదిహేను ఒకట్లు, పదిహేను నాలుగులు. మూడో విడతకి తన గొంతు బొంగురుపోయింది. "నాకు కుట్టు తెలుసు, పరుగు తెలీదన్నావు కదా" అని అడుగుతుందేమో అనుకున్నాను. అడగలేదు. నేనే చెప్పాను, తప్పు మాటన్నానని, యాభై అయిదు రోజులు ఆలస్యంగా. "అదా, ఎప్పుడో వదిలేశా" అంది. వదిలేయలేదని ఇద్దరికీ తెలుసు.

ఏప్రిల్ 24

కోచ్ గారి ఫోన్. 28కి కాలు సిద్ధం కాదని ఆయనకు ముందే చెప్పాను. ఆ ఇద్దరు అమ్మాయిల్లో ఒకతికి తొడ కండ పట్టేసిందట, ఒక చోటు ఖాళీ ఉంది.

"నీ అనుభవానికి, పూర్తి చేస్తే చాలు, తీసుకుంటారు. తెలిసిన డాక్టరున్నాడు. పోటీకి ముందు మోకాల్లో సూది వేస్తాడు. ఆ పూటకి నొప్పన్నదే తెలీదు."

ఒక్క నిమిషం పని. ఆ పూటకి నొప్పి తెలీదు. ఎంత తియ్యగా ఉన్నాయి ఆ మాటలు.

ఆలోచించుకుని చెబుతానన్నాను.

ఏప్రిల్ 25

ఫిజియో గారిని అడిగాను. కోప్పడతారనుకున్నాను, పడలేదు. "కాలు నీది, నిర్ణయం నీది. నొప్పి తెలీనంత మాత్రాన బంధం గట్టిపడదు. పది హర్డిల్స్‌లో ఏదో ఒకదాని మీద తెగితే ఇంక నా దగ్గర మందు లేదు. తెగకపోవచ్చు కూడా. నేను అబద్ధం చెప్పను."

తెగకపోవచ్చు కూడా.

ఏప్రిల్ 26

తెగకపోవచ్చు.

ఏప్రిల్ 27

వదినకు చెప్పాను. దాచి దాచి ప్రాణం విసిగింది. వద్దంటుందనుకున్నాను.

"నేనేమీ అనను. ఒకసారి నీ బదులు నేను నిర్ణయం తీసుకున్నా, అది చాలు నాకు. నువ్వేం చేసినా రేపు గ్రౌండుకి వస్తా."

"వద్దను వదినా. నువ్వు వద్దంటే మానేస్తా."

"అందుకే అనను."

ఒళ్లు మండింది. తర్వాత తన ముఖం చూశాను. గుడ్డ మీద గీత ఒకవైపుంటే కత్తెర ఇంకోవైపు నడిపిస్తోంది.

ఏప్రిల్ 28

షూ వేసుకుని వెళ్లాను. నంబరు కూడా పెట్టించుకున్నాను, నలభై ఒకటి. డాక్టరు డ్రెస్సింగ్ గదిలో చిన్న పెట్టెతో కూర్చున్నాడు. మంచివాడిలాగే ఉన్నాడు. ప్యాంటు మోకాలి పైకి మడవమన్నాడు, మడిచాను. దూదితో తుడిచాడు, చల్లగా తగిలింది.

"ఇప్పుడు నొప్పి ఎంతుంది?" అన్నాడు మామూలుగా.

"నాలుగు" అన్నాను. నిజం నాలుగే. మూడు నెలలు ఏడ్చి, మొత్తుకుని, ఆరునుంచి నాలుగుకి తెచ్చుకున్నాను. ఆ నాలుగు నాది. అది నాకు తెలియకుండా పోవడం నాకిష్టం లేదనిపించింది.

"వద్దు సార్" అని ప్యాంటు కిందికి దించుకున్నాను.

కోచ్ గారు గుమ్మం దగ్గరే ఉన్నారు. తిట్టలేదు. "మళ్లీ పిలుస్తారని నేను మాట ఇవ్వలేను" అన్నారు. తెలుసు సార్ అన్నాను. ఆయన జాబితా తీసి నా పేరు కొట్టేశారు. నా కళ్లముందే కొట్టేశారు, దాచకుండా. అందుకు ఆయనంటే గౌరవమే.

పోటీ మెట్ల మీద కూర్చుని చూశాను, వదిన పక్కన. ఆ రెండో పందొమ్మిదేళ్ల అమ్మాయి గెలిచింది. ఏడో హర్డిల్ దగ్గర అడుగులు తప్పుతాయి తనకి, తప్పాయి కూడా, అయినా గెలిచింది. అందరితో పాటు నేనూ చప్పట్లు కొట్టాను.

"నిజం చెప్పు" అంది వదిన. "మార్చి నెల నా వల్లే పోయిందా?"

ఫిజియో గారితో మాట్లాడిన సంగతి తనకు చెప్పలేదు నేను. అన్నయ్య విని చెప్పి ఉంటాడు. లేదు అనేస్తే తను ఇవాళ హాయిగా నిద్రపోతుంది. లేదు అనడం నాకు రెండు రాసినంత సులువు.

"పోయింది వదినా" అన్నాను. "ఫిబ్రవరి నా వల్ల పోయింది. ముందు పోయింది నాదే."

తను తల ఊపింది. ఏడుస్తుందనుకుంటే నేనే ఏడ్చాను. అంతమంది మధ్య, నంబరు ఇంకా రొమ్మున ఉండగానే. వదిన పిన్నులు ఒక్కొక్కటే తీసి, నంబరు మడిచి తన సంచిలో పెట్టుకుంది. స్నానం చేసి రమ్మని అనలేదు ఈసారి. అక్కడే, నాతోపాటే ఏడ్చింది.

మే 11

ఏడు కిలోలు. కాటా మీద తూచి కుట్టింది వదినే. నొప్పి: 3.

మే 20

ఎనిమిది. నొప్పి: 3. ఎవరికీ ఫోన్ చేయలేదు. సంబరం కూడా లేదు, కడుపు నిండినట్టుంది అంతే.

జట్టు వెళ్లిపోయింది. బస్సు ఎక్కేటప్పుడు ఆ అమ్మాయి ఫోన్ చేసింది. "అక్కా, ఏడో హర్డిల్ దగ్గర ఎన్ని అడుగులు వేస్తావు నువ్వు?" చెప్పాను. రెండుసార్లు అడిగి రాసుకుంది.

జూన్ 1

ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక. అయిదుసార్లు. ఫిజియో గారి అనుమతి నిన్న వచ్చింది.

ఇంటి ముందు వీధిలోనే మొదలుపెట్టాను. మొదటి అడుగు వేయడానికి ఎంతసేపు నిలబడ్డానో చెబితే నవ్వుతారు. వదిన ఫోన్‌లో టైము పెట్టుకుని గేటు దగ్గర నిలబడింది. వేశాను. కాలు నేలకు తగిలింది, మోకాలు పట్టుకుంది. మళ్లీ వేశాను. వీధి చివరి దాకా వెళ్లి తిరిగొచ్చాను. ఏ పోటీకీ కాదు, ఎవరూ పిలవలేదు, పిలుస్తారో లేదో కూడా తెలీదు. అయినా నా కాళ్లు పరిగెడుతున్నాయి, అదే చాలా బాగుంది.

"నొప్పా?" అంది వదిన.

"ఉంది. కొంచెమే."

"సరే అయితే" అని, నా కాళ్లకేసి చూడకుండానే లోపలికి వెళ్లి మిషను మొదలుపెట్టింది.